బరంపురంలో చేయించిన మాడ్యులర్ అలమర: బిగింపు బాగుంది, జిగురు సంగతి అడిగి తీసుకోవాలి

బరంపురంలోని ఒక మాడ్యులర్ ఫర్నిచర్ దుకాణం వారు మా అత్తగారి గదికి గోడ పొడవునా ఒక అలమర, అడుగున సామాను దాచుకునే పెట్టె మంచం, పక్కన పిల్లలు రాసుకోవడానికి ఒక బల్ల చేసి బిగించి ఇచ్చారు. దుకాణం పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం వారొక్కరిదే కాదు. ఇటు ఛత్రపురం నుంచి అటు ఇచ్ఛాపురం దాకా ఇదే రకం సరుకును ఇవే మాటలతో అమ్ముతున్నారని నాలుగు చోట్ల వాకబు చేశాక తెలిసింది. కాబట్టి ఈ సమీక్షను ఎవరి మీదో ఫిర్యాదుగా తీసుకోకుండా, సముద్రపు గాలి తగిలే మన ఇళ్లకు పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. అనే, జిగురుతో ఒత్తి చేసిన చెక్క అట్టల సామాను ఎంతవరకు పనికివస్తుంది, కొనేముందు దుకాణంవారిని ఏ కాగితం అడగాలి అనే విషయం మీద రాసినదిగా చదవవలసిందని కోరుతున్నాను.

ముందు బాగున్నవి. కొలతలు తీసుకున్న కుర్రవాడు మా పాత ఇంటి నేల ఒక మూలకు వాలి ఉందని తానే గమనించి అలమర కాళ్లను ఆ మేరకు సర్దించాడు. తలుపుల మధ్య సందు పైనుంచి కింది దాకా ఒకే తీరుగా ఉంది. మడతబందులు చప్పుడు చేయకుండా మూసుకునే రకం, సొరుగుల పట్టాలు బరువుకు కుంగలేదు. చెప్పిన రోజుకే సామాను దిగింది, బిగించినవారు రంపపు పొట్టు ఊడ్చి మరీ వెళ్లారు. ధర కూడా వడ్రంగి చేత మంచి ప్లైవుడ్‌తో చేయించుకునేదానికంటే బాగా తక్కువ. ఇంతవరకు ఏ పేచీ లేదు.

పేచీ అంతా గది గాలితో వచ్చింది. సామాను వచ్చింది రథయాత్ర వెళ్లాక, వానలు ముదిరిన రోజుల్లో. జల్లు లోపలికి కొడుతుందని కిటికీలు మూసి పడుకుంటే తెల్లవారేసరికి గదిలో ఘాటు నిలిచిపోయేది. అలమర తలుపు తీస్తే ముక్కు లోపల మండేది. అత్తగారికి కళ్ల వెంట నీరు, గొంతులో గరగర. వరండాలో కాసేపు కూర్చుంటే రెండూ తగ్గేవి, గదిలోకి వెళ్తే మళ్లీ మొదలయ్యేవి. దుకాణానికి ఫోన్ చేస్తే, "కొత్త సామాను వాసనమ్మా, పది రోజుల్లో అదే పోతుంది" అన్నారు. కొత్త టేకు కోసినప్పుడు కూడా వాసన వస్తుంది కానీ అది కళ్లను మండించదు. పైగా అత్తగారు మూడోనాటికే "వాసన తగ్గిందే అమ్మాయ్" అన్నా కళ్ల నీరు మాత్రం ఆగలేదు. ముక్కు అలవాటుపడిపోతుంది గనుక వాసన తగ్గినట్టు తోచడాన్ని వాయువు తగ్గినట్టుగా లెక్కవేయకూడదు.

ఆ ఘాటు ఫార్మాల్డిహైడ్ అనే వాయువుది. పేరు కొత్తగా తోచినా, దాన్ని నీటిలో కరిగిస్తే వచ్చే ఫార్మలిన్ అందరూ విన్నదే. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలో చదివినవారికి శవపరిచ్ఛేదపు గదిని తలచుకోగానే గుర్తొచ్చే వాసన అది. 2018లో ఆంధ్ర నుంచి వెళ్లే చేపలను అస్సాం ప్రభుత్వం కొన్నాళ్లు ఆపేయడానికి కారణమైన పదార్థం కూడా అదే. రంగులేని ఈ వాయువు చాలా కొద్ది మోతాదులోనే కళ్లను, ముక్కును, గొంతును ఇబ్బంది పెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు వెనుక, గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సర్ దీనికి ప్రధాన ఆధారం. ఆ ఆధారాలు ఎక్కువగా కర్మాగారాల్లోనూ ఇతర పనిచోట్లలోనూ ఏళ్ల తరబడి పెద్ద మోతాదులో పీల్చినవారి నుంచి వచ్చినవి గనుక అలమర కొన్నవారంతా హడలిపోనక్కరలేదు. ఇంటి గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో పెట్టిన హద్దు ఘనమీటరుకు 0.1 మిల్లీగ్రాము, ఏ అరగంట సగటు తీసుకున్నా అంతకు మించకూడదని దాని అర్థం. కింద చెప్పే గాలి లెక్కలన్నిటినీ ఈ అంకెతోనే పోల్చి చూడాలి.

ఇది అలమరలోకి జిగురు ద్వారా వస్తుంది. పార్టికల్ బోర్డు అంటే చెక్క పెచ్చులను, ఎం.డి.ఎఫ్. అంటే చెక్క నారను జిగురుతో కలిపి వేడి పలకల మధ్య ఒత్తి చేసిన అట్ట. వడ్రంగి మన ఇంట్లో పూసే తెల్ల జిగురుతో దీనికి సంబంధం లేదు. ఇది ఫ్యాక్టరీలోనే అట్ట లోపల కలిసిపోయే యూరియా ఫార్మాల్డిహైడ్ రెసిన్. చౌక, త్వరగా గట్టిపడుతుంది, రంగు పట్టదు. అందుకే ప్రపంచమంతటా దీన్నే ఎక్కువగా వాడతారు. దీని నుంచి వాయువు రెండు దారుల్లో బయటికి వస్తుంది. తయారీలో యూరియాతో కలవకుండా మిగిలిపోయిన ఫార్మాల్డిహైడ్ మొదటి వారాల్లో, నెలల్లో ఎక్కువగా పోతుంది. దుకాణంవారి "పది రోజుల్లో పోతుంది" అన్న మాట, గడువును ఉదారంగా సాగదీసి చదువుకుంటే, ఈ మొదటి భాగానికి మాత్రం వర్తిస్తుంది. రెండో దారి గాలిలోని తేమ. ఈ రెసిన్‌లో యూరియాను, ఫార్మాల్డిహైడ్‌ను కలిపి ఉంచే బంధాలు నీటికి లొంగిపోతాయి. తేమ చేరిన కొద్దీ అవి విడిపోతూ, కట్టుబడి ఉన్న ఫార్మాల్డిహైడ్‌ను మళ్లీ గాలిలోకి వదులుతాయి. ఇది పది రోజులతో ఆగేది కాదు, ఏళ్లపాటు సన్నగా సాగుతుంది, ప్రతి వానాకాలంలోనూ హెచ్చుతుంది. తయారీదారులు చేతులు ముడుచుకుని కూర్చున్నారని కూడా అనలేము. 1970ల నాటి రెసిన్‌లో యూరియా ఒక పాలుకు ఫార్మాల్డిహైడ్ ఒకటిన్నర పాళ్లకు పైగా ఉండేది, ఇప్పుడు దాదాపు సమానం దాకా తగ్గించారు. అప్పటి బోర్డుతో పోలిస్తే ఇప్పటిది ఎంతో మేలు. అలాగని అన్ని మిల్లుల బోర్డూ ఒకే తీరుగా ఉంటుందనుకోవడానికి లేదు.

సామాను కొన్నప్పుడు మాకు చెప్పింది "ఇ-1 గ్రేడమ్మా, విదేశీ స్టాండర్డు" అని. కాగితం చూపమని తర్వాత అడిగితే వాట్సాప్‌లో ఒక మిల్లు పరీక్షపత్రం ఫొటో పంపారు. అందులోని బోర్డు మందం మా అలమర బోర్డు మందం కాదు, తేదీ ఎప్పటిదో, మా సరుకు ఆ మిల్లుదేనని చెప్పే ముద్ర కూడా బోర్డు మీద ఎక్కడా కనబడలేదు. "ఇ-1 అంటే ఎంత?" అని అడిగితే "ఎనిమిది" అన్నారు. ఆ ఎనిమిది తప్పేమీ కాదు; పాత పరీక్షలో నూరు గ్రాముల బోర్డు నుంచి రాబట్టిన ఫార్మాల్డిహైడ్ ఎనిమిది మిల్లీగ్రాములు దాటకపోతే ఇ-1, ఎనిమిది నుంచి ముప్పై దాకా ఇ-2. కానీ అది బోర్డు కడుపులో ఉన్న సరుకు లెక్క. గదిలో పడుకునే మనిషికి కావలసింది బోర్డు గాలిలోకి ఎంత వదులుతుందన్న లెక్క. దానికి వేరే పరీక్ష ఉంది. మూసిన గదిలాంటి పెట్టెలో బోర్డును ఉంచి గాలిని కొలుస్తారు, అక్కడ ఘనమీటరుకు 0.124 మిల్లీగ్రాము దాటకపోతే ఇ-1. మరికొన్ని దుకాణాల్లో "ఇ-జీరో" కూడా వినబడింది. యూరోపు పాత వర్గీకరణలో ఉన్నవి ఇ-1, ఇ-2 మాత్రమే. ఇ-జీరో అనేది చైనా ప్రమాణంలో ఘనమీటరుకు 0.05 మిల్లీగ్రాముగా ఉంది, మరికొన్ని దేశాల వాడుకలో ఇంకో పరీక్షతో ఇంకో అంకె. కాబట్టి ఆ మాట విన్నప్పుడు ఏ దేశపు, ఏ పరీక్ష ప్రకారమో చెప్పించుకోవాలి. ఐ.ఎస్.ఐ. ముద్ర చూపించి ఊరుకునేవారూ ఉన్నారు. ముద్ర ఉండటం మంచిదే, అయితే దాని పక్కనున్న సంఖ్య కూడా చూడాలి: 3087 పార్టికల్ బోర్డుకు, 12406 ఎం.డి.ఎఫ్.కు, 303 మామూలు ప్లైవుడ్‌కు, 710 మెరైన్ ప్లైవుడ్‌కు. ప్లైవుడ్ అని చెప్పి అమ్మిన దాని మీద 3087 కనబడితే మిగతా బేరం అక్కడితో ఆపేయవచ్చు.

ఒకవేళ ఆ ఇ-1 పత్రం నిఖార్సయినదే అనుకుందాం. అప్పుడైనా మన గదికి ఆ అంకె అలాగే వర్తిస్తుందా అన్నది నా అసలు సందేహం. ఆ పరీక్ష జరిగే పెట్టెలో వేడి 23 డిగ్రీలు, గాలిలో తేమ 45 శాతం. ఘనమీటరు గాలికి ఒక చదరపు మీటరు బోర్డు. లోపలి గాలి గంటకొకసారి పూర్తిగా మారుతుంది. గంజాం జిల్లాలో శ్రావణమాసపు రాత్రి ఆ వేడి, ఆ తేమ ఏ ఇంట్లో ఉంటాయి? మనకు ముప్పైకి అటూ ఇటూ వేడి, ఎనభై శాతం దాటిన తేమ, సముద్రం నుంచి వచ్చే ఉక్క. వేడి పెరిగినా తేమ పెరిగినా బోర్డు వదిలే వాయువు పెరుగుతుంది, రెండూ కలిసి పెరిగితే ఇంకా ఎక్కువ. ఇక పరిమాణం సంగతి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి సుమారు 28 ఘనమీటర్లు. ఏడడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు ఉన్న అలమరలో తలుపులు, పక్కలు, వెనుక పలక, అరలు అన్నింటికీ రెండు ముఖాలూ లెక్కవేస్తే బోర్డు వైశాల్యం పాతిక చదరపు మీటర్లు దాటుతుంది. మంచం, బల్ల దానికి అదనం. అంటే పరీక్షపెట్టెలో పెట్టినంత బోర్డును గదిలోనూ పెట్టాము, కానీ కిటికీ మూసిన రాత్రి ఆ గాలి గంటకొకసారి మారదు. లామినేట్ అనే గట్టి పైరేకు అంటించిన ముఖాల నుంచి వాయువు తక్కువ వస్తుంది గనుక లెక్క అంత నిర్దయగా ఉండదన్నది నిజమే. అయితే వెనుక పలకకు గోడవైపు ముఖం, మడతబందుల కోసం తొలిచిన గుంటలు, అరల మేకుల కోసం వేసిన రంధ్రాలు, లోపలివైపు పట్టీ అంటించని అంచులు అన్నీ నగ్నంగానే ఉంటాయి, బోర్డు అంచు నుంచే వాయువు ఎక్కువగా తప్పించుకుంటుంది. పైగా 0.124 అనే హద్దే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 0.1 కంటే ఎక్కువ. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన నియమం ప్రకారం 2026 ఆగస్టు నుంచి అక్కడ చెక్క సామానుకు ఈ హద్దు సగానికి, అంటే 0.062కు, దిగుతుంది. మనకు "విదేశీ స్టాండర్డు" అని చెబుతున్నది అక్కడివారు వదిలేస్తున్న పాత హద్దు.

అమెరికాలో 2005లో కత్రినా తుపాను వచ్చి ఇళ్లు పోయినవారికి అక్కడి ప్రభుత్వం చక్రాల ఇళ్లు ఇచ్చింది. చిన్న గదులు, గోడ నుంచి అలమర దాకా అంతా చెక్క అట్టలే. ఉన్నవారికి కళ్లు మండటం, దగ్గు, ముక్కు నుంచి నెత్తురు అంటూ ఫిర్యాదులు రాగా, వారి వ్యాధి నియంత్రణ సంస్థ 2007 డిసెంబరు, 2008 జనవరి నెలల్లో 519 ఇళ్ల గాలిని కొలిచింది. సగటున వందకోట్ల పాళ్ల గాలిలో 77 పాళ్లు, అంటే మన లెక్కలో 0.1 మిల్లీగ్రాముకు కొంచెం తక్కువ, కనబడింది. కొన్ని ఇళ్లలో అది 590 పాళ్ల దాకా ఉంది. అదీ చలికాలంలో. వేసవి వస్తే ఇంకా పెరుగుతుంది గనుక ఈలోపే అందులో ఉన్నవారిని వేరేచోటికి మార్చాలని ఆ సంస్థ సూచించింది. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక ఇళ్లు తిరిగి సర్దుకున్న మనవారిలో చాలామంది తడిసి పాడైన టేకు సామాను స్థానంలో తెచ్చుకున్నవి ఇలాంటి అట్టల సామానే. అప్పట్లో ఎవరి ఇంట్లోనైనా ఎవరైనా కొలిచి చూసినట్టు నేను వినలేదు.

మేము కొలిచాము, అయితే దాని విలువ ఎంతో కూడా చెప్పాలి. మా అల్లుడు చేతిలో పట్టుకునే ఒక చిన్న మీటరు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. అద్దం మీద అంకెలు మెరుస్తాయి, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. దాని పక్కన చేతులకు శానిటైజర్ రాసుకుంటే చాలు, అంకె చెట్టెక్కి కూర్చుంటుంది. ఈ చవక మీటర్లలోని సెన్సార్లు ఆల్కహాలును, ఇతర ఆవిర్లను కూడా ఫార్మాల్డిహైడ్‌గానే లెక్కవేస్తాయి. నమ్మదగిన కొలత కావాలంటే రసాయనం పూసిన గొట్టంలోకి గాలిని లాగి, దాన్ని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. అందుచేత మా మీటరు చూపిన అంకె ఎంత అన్నది ఇక్కడ రాయను. ఒకే గదిలో, ఏ అత్తరూ పూతా లేకుండా, కిటికీలు మూసినప్పుడు, తెరిచినప్పుడు, అలమర లోపల, వరండాలో పెట్టి పోల్చి చూసుకోవడానికి మాత్రం అది పనికివచ్చింది: అలమర లోపల అన్నిటికంటే ఎక్కువ, మూసిన గదిలో దాని తర్వాత, కిటికీలు తీసి ఫ్యాను వేసిన కాసేపటికే బాగా తక్కువ. ఈ వరుసను అత్తగారి కళ్లు అంతకుముందే చెప్పాయి. మీటరుకు పెట్టిన డబ్బు ఒక ఎగ్జాస్టు ఫ్యానుకు పెట్టి ఉంటే మేలని నా అభిప్రాయం.

దుకాణంవారు చెప్పిన వైద్యాలు వినసొంపుగా ఉన్నాయి గానీ పనికివచ్చినవి తక్కువ. కత్తుల్లా నిలబడే ఆకుల మొక్క ఒకటి కుండీతో సహా బహుమతిగా పంపి, ఇది గాలిని శుభ్రం చేస్తుందన్నారు. మొక్కలు ఫార్మాల్డిహైడ్‌ను పీల్చుకుంటాయని 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధన చెప్పిన మాట నిజమే, కానీ అది మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. తర్వాతివారు అలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కవేసి, కిటికీ సందుల్లోంచి సహజంగా మారే గాలి చేసే పనిని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేల్చారు. అప్పుడు మంచం వేసుకోవడానికి చోటుండదు. మొక్క బాగుంది, వరండాలో పెట్టాము. బొగ్గు సంచులు అలమరలో వేలాడదీయమన్నారు. ఈ వాయువు అణువు మరీ చిన్నది, తేలికది కావడం వల్ల మామూలు బొగ్గు దీన్ని గట్టిగా పట్టి ఉంచలేదు. దుమ్మును వడకట్టే ఎయిర్ ప్యూరిఫయర్ జాలి వాయువును ఆపదు.

అన్నిటికంటే చిత్రమైనది కర్పూరం, సాంబ్రాణి ధూపం వేయమన్న సలహా. వాసనను కప్పేయడానికి అది పనిచేస్తుంది. కానీ ఏ వస్తువైనా సగం సగం కాలినప్పుడు పుట్టే వాయువుల్లో ఫార్మాల్డిహైడ్ ఒకటి. అగరుబత్తీ, ధూపం, కట్టెలపొయ్యి, సిగరెట్టు, దోమల బత్తీ అన్నీ దాన్ని వదులుతాయి. ఒక దోమల చుట్ట కాలితే వెలువడే ఫార్మాల్డిహైడ్ 51 సిగరెట్ల నుంచి వెలువడేదానికి సమానం దాకా ఉండవచ్చని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. మన ఊళ్లలో వానాకాలం రాత్రి దోమలకు భయపడి కిటికీలు మూసి, చుట్ట వెలిగించి, కొత్త అలమర పక్కన పడుకోబెట్టేది ముసలివారినీ పసిపిల్లలనే. అత్తగారి గదిలో చుట్ట మానేసి దోమతెర కట్టాము. అలమర సంగతి అటుంచి, ఎవరింట్లోనైనా ఖర్చు లేకుండా చేయగలిగిన మార్పు ఇది.

నిజంగా ఉపయోగపడినవి రెండు. మళ్లీ మళ్లీ అడిగాక దుకాణంవారు బిగింపు మనిషిని పంపారు. అతను వెనుక పలకను ఊడదీసి గోడవైపు ముఖానికీ లామినేట్ అంటించి, అరల అంచులకు పట్టీలు వేసి, వాడని రంధ్రాలకు బిరడాలు కొట్టి, మడతబందుల గుంటల చుట్టూ వార్నిష్ పూశాడు. దీనికి డబ్బు తీసుకోలేదు, ఆ మర్యాదను ఒప్పుకోవాలి. రెండోది గాలి మారడం: పగలంతా కిటికీలు, అలమర తలుపులు, సొరుగులు తెరిచి ఉంచడం, రాత్రి ఎగ్జాస్టు వేయడం. ఏ.సి. వేస్తే వేడీ తేమా తగ్గుతాయి గనుక బోర్డు వదిలేది తగ్గుతుంది, కానీ గోడకు బిగించే మామూలు ఏ.సి. బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది, ఏ.సి. ఉంది కదా అని కిటికీలు పూర్తిగా బిడాయించుకుంటే ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకున్నట్టే. ఈ రెండింటి తర్వాత కళ్ల మంట బాగా తగ్గింది. అయినా అత్తగారిని ముందుగదిలోకి మార్చి, ఆ గదిని కొన్నాళ్లు బట్టల గదిగానే వాడాము.

ముందుగదికి అలమర చేయించేటప్పుడు మాత్రం ప్లైవుడ్ తీసుకుని ఇచ్ఛాపురం నుంచి వచ్చే వడ్రంగి చేత చేయించాము. ఇక్కడా "ప్లైవుడ్" అన్న మాట ఒక్కటే చాలదు. ఎం.ఆర్. అనే, తేమను కొంతవరకే తట్టుకునే చవక రకం ప్లై కూడా చాలావరకు ఆ యూరియా జిగురుతో అంటించినదే. బి.డబ్ల్యు.ఆర్., బి.డబ్ల్యు.పి. అనే, మరిగే నీటిని తట్టుకునే రకాలకు వాడే ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెసిన్ పేరులో ఆ వాయువు ఉన్నా, దాని బంధాలు నీటికి విడిపోవు, అందుచేత గాలిలోకి వదిలేది చాలా తక్కువ. ఫినాల్ జిగురు గీతలు ప్లై అంచులో ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగులో కనబడతాయి, యూరియా జిగురు గీతలు పాలిపోయి ఉంటాయి. రంగు ఒక్కటే రుజువు కాదు గనుక మా వడ్రంగి ఒక పని చేయించాడు: "అమ్మా, ముక్క తీసుకుని ఉడకబెట్టి చూడండి, అబద్ధం ఉంటే నీళ్లలో తేలిపోతుంది" అని ప్లై ముక్కను, పార్టికల్ బోర్డు ముక్కను, ఎం.ఆర్. ముక్కను ఇచ్చాడు. ప్రమాణంలో చెప్పిన పరీక్షా అదే తీరు, ఎం.ఆర్. రకం 60 డిగ్రీల నీటిలో మూడు గంటలు, బి.డబ్ల్యు.ఆర్. మరిగే నీటిలో ఎనిమిది గంటలు, 710 ముద్ర ఉన్నది 72 గంటలు నిలవాలి. వంటింట్లో కాకుండా పెరట్లో కట్టెల పొయ్యి మీద పాత గిన్నెలో పెట్టాము, ఎందుకంటే మరిగేటప్పుడు యూరియా జిగురు నుంచి వాయువు ఒక్కసారిగా లేస్తుంది. పార్టికల్ బోర్డు ఉప్మా రవ్వలా ఉబ్బి విడిపోయింది, ఎం.ఆర్. ముక్క పొరలు ఊడాయి, ఫినాల్ ముక్క రంగు మాత్రం మారి గట్టిగా నిలిచింది. మరిగే నీళ్లలో కొన్ని గంటల్లో జరిగిన ఆ విడిపోవడమే వానాకాలపు తేమలో, గదిలోని అలమరలో, ఏళ్లమీద నెమ్మదిగా జరుగుతుంది. ఈ పరీక్ష గాలిలోకి ఎంత వాయువు వస్తుందో అంకెలో చెప్పదు. జిగురు నీటికి నిలిచేదో కాదో మాత్రం తేల్చేస్తుంది, దుకాణంలో నిలబడి అడిగితే దొరకని సమాధానం అదే. ఈ అలమరకు ఖర్చు మాడ్యులర్ దానికంటే దాదాపు సగం ఎక్కువైంది, తలుపుల సందులు అంత తీరుగా కూడా లేవు. ఘాటు మాత్రం లేదు. అసలు ఏ జిగురూ అక్కరలేని ఇనుప బీరువా మన పెద్దవాళ్ల ఇళ్లన్నిటిలో ఉండేది. దాన్ని మూలకు నెట్టి అట్టల అలమరను తెచ్చుకోవడం అందం కోసమేనని ఒప్పుకోక తప్పదు.

ఆ మాడ్యులర్ దుకాణంలోనే కొన్న కిటికీ తెరల గురించి ఒక మాట. "ఇస్త్రీ అక్కరలేదు, మడత పడదు" అని అమ్మే నూలు బట్టలకు ఆ గుణం చాలావరకు ఫార్మాల్డిహైడ్ కలిసిన రెసిన్ పూతతోనే వస్తుంది. బట్టలకు ఓకో-టెక్స్ అనే అంతర్జాతీయ గుర్తింపు ఉంది. ఒంటికి తగిలే బట్టలో కిలోకు 75 మిల్లీగ్రాములు, తెరల్లాంటి ఇంటి అలంకరణ బట్టల్లో 300 దాటకూడదని దాని నియమం, పసిపిల్లల బట్టల్లో అయితే అసలు పట్టుబడకూడదు. పూత పైపైన ఉన్నంతవరకు ఉతికితే కొంత పోతుంది గనుక తెరలను, పక్కదుప్పట్లను రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేశాకే వాడుకోవడం మంచిది. మన బరంపురం పట్టుకు మామూలుగా ఈ బెడద ఉండదు.

ఇక ఈ దుకాణంలో కొనాలా వద్దా అంటే, హాలుకు, పూజగదికి, గాలి ధారాళంగా ఆడే వరండాకు కావలసిన సామాను నిశ్చింతగా చేయించుకోవచ్చు. పడకగదికి, ముఖ్యంగా పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు, రోజంతా గదిలోనే ఉండే పెద్దలు పడుకునే గదికి పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. అలమర నేనైతే మళ్లీ తీసుకోను. తీసుకోక తప్పనివారు బోర్డు మిల్లు పేరు, మందం, గ్రేడు, ఏ పరీక్ష ప్రకారమో బిల్లు మీద రాయించుకోవాలి. వెనుక పలకకు రెండువైపులా లామినేట్, లోపలి అంచులన్నిటికీ పట్టీలు ముందే ఒప్పందంలో చేర్చాలి, తర్వాత అడిగితే అది దయాధర్మం కిందికి పోతుంది. రథయాత్ర రాయితీల కోసం ఆగకుండా కార్తీకం వెళ్లాక, కిటికీలు తెరుచుకుని పడుకోగలిగే పొడి రోజుల్లో సామాను దింపుకోవడం మేలు. మా తర్వాత వెళ్లిన ఒక బంధువు కోరగా, కోసిన బోర్డులను ప్లాస్టిక్ చుట్ట విప్పి కొన్ని వారాలు గోదాములోనే నిలబెట్టి ఆరనివ్వడానికి దుకాణంవారు ఒప్పుకున్నారు, చిన్న మొత్తం అద్దెగా తీసుకున్నారు. వారిచ్చే హామీపత్రంలో చెదలకు, మడతబందులకు, లామినేట్ లేవడానికి గడువులు రాసి ఉన్నాయి. గాలికి సంబంధించి ఏ వాక్యమూ లేదు, అడిగితే చేత్తో రాసి సంతకం పెట్టడానికి ఇప్పటికీ వెనకాడుతున్నారు.